పాత లాప్‌టాపును తూకానికి వేసే ముందు

ఈసారి కొంచెం పొడుగుగానే రాస్తున్నాము, ఓపికగా చదవండి. మేము తమిళ మీడియంలో చదివినవాళ్ళము. తెలుగు రాయడం రైల్వే ఉద్యోగం అయిపోయినాక నేర్చుకున్నాము. తప్పులుంటే సర్దుకోండి.

సంగతేమంటే, వచ్చే సర్వసభ్య సమావేశంలో ఒక తీర్మానం వస్తోంది. ఆదివారం తెలుగు తరగతిలో ఉన్న ఆరు పాత లాప్‌టాపులను తూకానికి అమ్మేసి, చందా వేసి కొత్తవి కొనాలట. కారణం? వైఫై రాదు, ప్రింటర్ పలకదు, అంతా ఆ లినక్స్ వల్లే అంటున్నారు. మేము దీనికి ఒప్పుకోము.

ఆ ఆరూ మన సభ్యులు ఇచ్చినవే. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయినాయి. ఈ పాత యంత్రాల్లో విండోస్ 11 ఎక్కదు. ఇంట్లో మూల పడేసేదానికంటే తరగతికి ఇస్తే మేలని ఇచ్చినారు. మేము నలుగురం రిటైర్డు మనుషులం కూర్చొని డెబియన్ లినక్స్ వేసినాము. లినక్స్ మనకు కొత్త కాదు. 2011లో తమిళనాడు ప్రభుత్వం పిల్లకాయలకు లాప్‌టాపులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, విండోస్‌తో పాటు సీడాక్ వాళ్ళ బాస్ లినక్స్ కూడా వేసి ఇచ్చినారు. మన ఇళ్ళల్లో చాలామంది దాన్ని తెరిచి చూడలేదు, అంతే.

ఇక వైఫై మాట. మేము ముప్పై ఏండ్లు గూడ్స్ ఆఫీసులో వ్యాగన్ రిజిస్టర్ రాసినవాళ్ళము. ఒక వ్యాగన్ రాకపోతే రైల్వే పనికిరాదని ఎవరూ అనరు. చివరిగా ఏ స్టేషన్లో దాని నంబరు రాసినారో చూస్తారు. అక్కడినుంచి వెతుకుతారు. వైఫై వెతకడం కూడా అంతే. నాలుగు స్టేషన్లు ఉన్నాయి.

మొదటిది, కార్డు యంత్రానికి కనబడుతోందా? టెర్మినల్ తెరిచి ఎల్ ఎస్ పి సి ఐ అని టైపు చేస్తే లోపలున్న కార్డుల జాబితా వస్తుంది. బయట గుచ్చే యూఎస్‌బీ అడాప్టరైతే ఎల్ ఎస్ యూ ఎస్ బి. జాబితాలోనే లేకపోతే ఏ సాఫ్ట్‌వేరు వేసినా లాభం లేదు, తప్పు చాలావరకు కార్డులోనో దాని కనెక్షన్లోనో ఉంటుంది.

రెండోది, దానికి డ్రైవర్ తగులుకుందా? అదే ఎల్ ఎస్ పి సి ఐ పక్కన హైఫన్, కె చేర్చితే ఏ డ్రైవర్ పనిచేస్తోందో చూపిస్తుంది.

మూడోది ఫర్మ్‌వేర్. చాలా కార్డులకు కరెంటు ఎక్కినప్పుడల్లా ఒక చిన్న ప్రోగ్రాం అందించాలి, అప్పుడే కదులుతుంది. కార్డు చేసిన కంపెనీలు దాని సోర్సు కోడు బయటపెట్టవు. అందుకని డెబియన్ వాళ్ళు ముందు దాన్ని తమ అసలు ఇన్‌స్టాల్ ఇమేజిలో పెట్టేవాళ్ళు కాదు. 2022లో ఓటు వేసుకొని, 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి పెడుతున్నారు. ఫర్మ్‌వేర్ దొరకకపోతే డి ఎం ఇ ఎస్ జి అనే కమాండ్ ఇచ్చే వరుసల్లో ఆ ఫైలు పేరుతో సహా రాసి ఉంటుంది.

నాలుగోది, రేడియోను ఎవరైనా ఆపినారా? ఆర్ ఎఫ్ కిల్ లిస్ట్ అని కొడితే రెండు వరుసలు వస్తాయి. సాఫ్ట్ బ్లాక్ అంటే లోపల ఏరోప్లేన్ మోడ్ లాంటిది ఆపింది. హార్డ్ బ్లాక్ అంటే సాధారణంగా పక్కనున్న స్విచ్చో, కీబోర్డు మీద ఎఫ్ఎన్‌తో నొక్కే మీటో.

ఇప్పుడు మన ఆరింటి కథ వినండి. రెండింటికి ఫర్మ్‌వేర్ లేదు. తప్పు మాదే, మా దగ్గరున్న పెన్‌డ్రైవ్‌లో పాత ఇమేజి ఉండింది. ఫోనును యూఎస్‌బీ వైరుతో తగిలించి, టెథరింగ్ పెట్టి, ఆ నెట్‌తోనే ఫర్మ్‌వేర్ తెచ్చి వేసినాము. మూడోదాంట్లో పక్కనున్న చిన్న స్విచ్ జరిగిపోయి ఉంది. నాలుగోది ఏరోప్లేన్ మోడ్. అయిదోది కలుస్తుంది, పది నిమిషాలకు తెగిపోతుంది. వైఫై పవర్ సేవింగ్ ఆపితే నిలబడింది. ఆరోదాని కార్డు నిజంగానే చచ్చిపోయింది. దానికి ఒక యూఎస్‌బీ అడాప్టర్ కొనాలి. ఆరింటిలో డబ్బు అడిగింది ఒక్కటే.

ప్రింటర్ది ఇంకా చిన్న కథ. ఒకసారి కాగితం ఇరుక్కుంటే లినక్స్ ఆ ప్రింటర్ వరుసను ఆపి పెట్టింది. కాగితం తీసినాక కూడా ఆపినది ఆపినట్టే ఉండింది. మేము డ్రైవర్ మీద డ్రైవర్ వేసి రెండు ఆదివారాలు పోగొట్టుకున్నాము. చివరికి బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్, కోలన్, 631 అని కొట్టి, ప్రింటర్ పేజీలో రెజ్యూమ్ నొక్కినాము. దాచిన పదకొండు పేజీలూ వరుసగా బయటికి వచ్చినాయి.

మా తప్పు ఇంకొకటి కూడా చెప్పాలి. ఎక్కడో చూసిన కమాండును అర్థం కాకుండానే కొట్టి ఒక లాప్‌టాపును అసలు తెరుచుకోకుండా చేసినాము. మళ్ళీ మొదటినుంచి వేసుకోవలసి వచ్చింది. కార్యదర్శిగారికి కోపం రావడం న్యాయమే. కానీ ఆ కోపం మా తొందర మీద రావాలి, యంత్రం మీద కాదు.

లినక్స్‌లో అన్నీ నడుస్తాయని మేము చెప్పడం లేదు. కొన్ని ప్రింటర్లకు డ్రైవరే ఉండదు. కొన్ని వైఫై అడాప్టర్లకు బయటి డ్రైవర్ వేయాలి, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే అది దాన్ని లోపలికి రానివ్వకపోవచ్చు. విండోస్‌లో మాత్రమే నడిచే లెక్కల ప్యాకేజీ సంఘం కోశాధికారికి కావాలంటే, ఆయనకొక కొత్త యంత్రం కొనండి, మేమే చెయ్యెత్తుతాము. తరగతికి మాత్రం ఆ అవసరం లేదు.

తరగతిలో జరిగేదేమి? పిల్లకాయలు తెలుగు టైపు చేస్తారు, వికీసోర్సులో కథలు చదువుతారు, పేజీ ప్రింటు తీసుకుంటారు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో అచ్చులు, గుణింతాలు ఎడమచేతి వైపు, హల్లులు కుడిచేతి వైపు. తమిళ ఇన్‌స్క్రిప్ట్‌లో క ఏ మీట మీద ఉందో తెలుగులోనూ ఆ మీట మీదే ఉంటుంది. బడిలో తమిళం చదివే మన బిడ్డకు ఒక చేతి అలవాటుతో రెండు భాషలూ వచ్చేస్తాయి. మా కాలంలో మాకు తెలుగు అక్షరం చూపించే తావే లేదు. ఇంట్లో మాట్లాడే భాషలో సొంత పేరు రాసుకోను అరవై ఏండ్లు పట్టింది. ఇప్పుడు చందా కోసమని తరగతి రెండు నెలలు ఆగితే, ఆ పిల్లకాయలు మళ్ళీ వస్తారన్న నమ్మకం మాకు లేదు.

కాబట్టి మేము అడిగేది మూడే. ఒకటి, తూకం తీర్మానం పక్కన పెట్టండి, ఒక్క అడాప్టర్‌కు డబ్బు మంజూరు చేయండి. ఏ చిప్ ఉన్నది కావాలో మేము చూసి చెప్తాము. రెండు, ప్రతి లాప్‌టాపుకు ఒక నోటుపుస్తకం పెట్టండి. ఏమి చెడింది, ఏమి చేసినాము, ఏమి బాగుపడింది, తేదీతో రాయాలి. మూడు, ఇద్దరు పెద్ద పిల్లకాయలను మాతో కూర్చోబెట్టండి, ఆ నాలుగు స్టేషన్లూ నేర్పిస్తాము. మేము ఎన్నాళ్ళు ఉంటామో తెలియదు, పుస్తకం ఉంటుంది.

నమ్మకం లేనివాళ్ళు ఈ ఆదివారం పదిగంటలకు సంఘం హాలుకు రండి. అయిదు లాప్‌టాపులు వైఫైతో నడుస్తుంటాయి, ఆరోదానికి ప్రస్తుతానికి వైరు తగిలించినాము. చూసినాక చెయ్యెత్తండి.