కప్పు కురిస్తే కోత మనకా?



చెరువు నిండితేనే గింజ పండే జిల్లా మనది. వాన పడితే నంగలిలో సంతోషించని ఇల్లు ఉండదు. 2021 నవంబరులో కోలారు జిల్లా అంతటా కురిసిన భారీ వానలు మనందరికీ గుర్తున్నాయి. కానీ చెరువులో చేరవలసిన నీరు రేకుల కప్పు దాటి రింగ్ ఫ్రేము మీద పడితే, ఆ వాన కార్మికుడి పాలిట శాపమే.

మేము ఫ్రేముల దగ్గర పనిచేసిన రోజుల్లో, నైట్ షిఫ్టులో వాన మొదలైతే ముందుగా వెతికేది బకెట్టు. ఒకసారి నూలు తడిసి మరక పడిందని మా జీతంలో కోత పెట్టారు. వాన ఆగాక కప్పు ఎక్కి చూస్తే తెలిసింది అసలు సంగతి. రూపాయి బిళ్లంత రబ్బరు వాషరు ఎండిపోయి, బీటలు వారి, స్క్రూ చుట్టూ సందు ఇచ్చింది. వాషరు మార్చనిది ఒకరు, జీతం పోగొట్టుకున్నది మరొకరు!

ఇందులో పెద్ద శాస్త్రం ఏమీ లేదు. ఎండకు రేకు సాగుతుంది, చల్లబడితే ముడుచుకుంటుంది. 10 మీటర్ల ఉక్కు రేకు 40 డిగ్రీల వేడి తేడాకు సుమారు 5 మిల్లీమీటర్లు కదులుతుంది. రోజూ జరిగే ఈ కదలికకు స్క్రూ వదులవుతుంది, రంధ్రం పెద్దదవుతుంది. ఎండకు రబ్బరు గట్టిపడి పగులుతుంది. రేకు నిలిచినన్నాళ్లు వాషరు నిలవదు. పాత షెడ్లలో కొక్కెం బోల్టుల కింద వేసిన తారు వాషర్లదీ ఇదే కథ.

బిగించడంలోనూ పొరపాట్లు జరుగుతాయి. మరీ బిగిస్తే రబ్బరు నలిగి బయటికి వస్తుంది. వదులుగా ఉంటే నీరు దిగుతుంది. రబ్బరు పైబిళ్ల అంచు దాకా ఒత్తుకుని కూర్చుంటే చాలు. రంధ్రం పెద్దదైతే పాత స్క్రూనే మళ్లీ తిప్పకూడదు, అంతకంటే లావు స్క్రూను కొత్త వాషరుతో వేయాలి. పైన తారు పూసి వదిలేస్తే కింద తుప్పు దాక్కుంటుంది, మరుసటి ఏడు కప్పు మళ్లీ కురుస్తుంది.

గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెస్తున్నది ఎవరు? నీరు నేల మీద పడితే కాలు జారుతుంది. కరెంటు ప్యానెల్‌లోకి దిగితే ప్రాణమే పోతుంది. పైగా వానలోనే ఒక కాంట్రాక్టు కుర్రవాణ్ణి తాడు లేకుండా పైకి ఎక్కిస్తారు. తడి రేకు జారుతుంది. సిమెంటు రేకు, వెలుతురు కోసం వేసిన ప్లాస్టిక్ రేకు మనిషి బరువును ఆపవు. వాషరు ఖర్చు మిగుల్చుకోవడానికి మనిషిని పణంగా పెట్టడాన్ని మేము ఒప్పుకోము.

1948 ఫ్యాక్టరీల చట్టానికి 1976లో 40-ఎ సెక్షను చేర్చారు. కార్మికుల ఆరోగ్యానికి చేటు తెచ్చేలా భవనం పాడైతే, బాగుచేయమని రాతపూర్వకంగా ఆదేశించే అధికారం ఇన్‌స్పెక్టరుకు ఇచ్చారు. 2020 కోడులోనూ పనిచోటును ప్రమాదం లేకుండా ఉంచే బాధ్యత యజమానిదే. ఇక జీతం కోత సంగతి. 1936 వేతనాల చెల్లింపు చట్టమైనా, 2019 వేతనాల కోడైనా చెప్పేది ఒకటే. కార్మికుడికి అప్పగించిన సరుకు నేరుగా అతని నిర్లక్ష్యం వల్ల పాడైతేనే కోత, అదీ సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇచ్చాకే. కప్పు కారడం ఎవరి నిర్లక్ష్యం?

మన లోపమూ ఒప్పుకుందాం. బకెట్టు పెట్టి సర్దుకుపోవడం మనకు అలవాటైంది. ఇకపై నీరు పడిన ప్రతి చోటా ఫ్రేము నంబరు, తేదీ, షిఫ్టు రాసి కమిటీ సభ్యుడికి ఇవ్వండి. నీరు దూలం వెంట పాకి దూరంగా పడుతుంది కాబట్టి తడి మొదలైన చోటు కూడా గమనించండి. ఆ జాబితాను సంతకాలతో యాజమాన్యానికి అందజేద్దాం.

మన డిమాండ్లు మూడు. ఏటా ఎండాకాలంలోనే కప్పు మొత్తం తనిఖీ చేసి అరిగిన వాషర్లు మార్చాలి. నడక పలకలు, నడుముకు బెల్టు, తాడు లేనిదే ఎవరినీ కప్పు ఎక్కించరాదు. కారిన నీటికి తడిసిన నూలు పేరుతో ఒక్క రూపాయి కూడా కోయరాదు.

బకెట్టు పక్కన పెట్టి కలం పట్టండి. ఐక్యంగా అడుగుదాం, సాధించుకుందాం!