కిడ్నీ మార్చి కాపలా తీసేస్తారా?

మార్చిన కిడ్నీ మళ్లీ పాడైతే మావాళ్లనే తిడతారు. మందులేసుకోలేదంట, తాగాడంట, శుభ్రం తెలీదంట. పాత అంటరాని చూపే, తెల్లకోటు తొడుక్కుంది.

బీకే వైరస్ చిన్నప్పుడే దాదాపు అందరి ఒంట్లోకీ చేరి కిడ్నీల్లో నిద్రపోతుంది. దానికి ఊరూ వాడా లేదు. కొత్త కిడ్నీని ఒళ్లు తోసెయ్యకుండా టాక్రోలిమస్ లాంటి మందులు రోగనిరోధక శక్తిని అణుస్తాయి గదా, అప్పుడు లేస్తుంది. జ్వరం రాదు, నొప్పుండదు. క్రియాటినిన్ పెరిగేసరికే కిడ్నీ దెబ్బతిని ఉంటుంది. రిజెక్షన్ అనుకుని మందు పెంచితే ఇంకా చేటు. ఈ వైరస్‌ను చంపే నమ్మకమైన మందు నేటికీ లేదు; ముందే పట్టుకుని, డాక్టరు లెక్కజూసి మందు తగ్గించాలి. (సొంతంగా మానేస్తే కిడ్నీయే పోతుంది, జాగ్రత్త.)

పట్టుకునేది రక్తానికి చేసే పీసీఆర్ పరీక్ష. మొదటి 9 నెలలు నెలనెలా, తర్వాత రెండేళ్ల దాకా 3 నెలలకోసారి చెయ్యాలని 2019లో అమెరికా ట్రాన్స్‌ప్లాంట్ వైద్యుల సంఘం చెప్పింది. కూలి పోగొట్టుకుని బస్సెక్కి పట్నమొచ్చే మనిషి నెలనెలా ఆ డబ్బు ఎక్కణ్ణుంచి తెస్తాడు?

1971లో లండన్‌లో ఈ వైరస్ మొదట దొరికింది కిడ్నీ మార్పిడి జరిగిన ఒక సూడాన్ మనిషి మూత్రంలో. ఆయన పేరులోని పొడి అక్షరాలే వైరస్‌కి మిగిలాయి. మనిషి పేరు కేస్‌షీటులోనే పోయింది.

ఆపరేషన్ కాగానే ఫోటోలు దిగే మంత్రులను మేమడుగుతున్నాం: సర్కారు కార్డు మీద కిడ్నీ మార్చిన ప్రతి మనిషికీ ఆ రెండేళ్ల పరీక్షలు ఉచితమని జీవో ఇవ్వండి. రక్తం జిల్లా ఆసుపత్రిలోనే తీసి పంపండి. బస్సు చార్జీ కూడా అందులోనే రాయండి.