ఇంటిలో నాణెముల గని

మన తెలుగు కుటుంబముల యువకులు కొందరికి నూతనోత్సాహము కలిగినది. రిచ్చి వీధిలో గ్రాఫిక్ కార్డులు, మదర్‌బోర్డు, పవర్ సప్లై కొని, ఇనుప చట్రములో బిగించి, క్రిప్టో నాణెములు త్రవ్వు యంత్రమును ఇంటనే నిర్మింపవలెనని వారి కోరిక. వారి నేర్పు ప్రశంసనీయమే. కాని తండ్రులు మూలధనము నిచ్చుటకు పూర్వము చిట్టా, ఆవర్జా తెరచి చూడవలెను.

ఈ యంత్రము నాణెములను పోతపోయదు. లోకమందలి లావాదేవీల పుటను ముగించుటకు ఒక అంకెల చిక్కును విప్పవలెను. ముందుగా విప్పినవారికే బహుమానము. 2009 లో బిట్‌కాయిన్ ఆరంభమైనప్పుడు పుట కొక్కింటికి 50 నాణెములు లభించెడివి. సుమారు నాలుగేండ్ల కొకసారి అది సగమగుచు, 2024 ఏప్రిల్ నాటికి 3.125 అయినది. నాడు సామాన్యమైన కంప్యూటరే చాలెను. నేడు ఆ పనికొరకే చేసిన యంత్రములు వేలకొలది గల శాలలతో పోటీపడవలెను. గ్రాఫిక్ కార్డులకు పని కల్పించిన ఈథీరియమో, 2022 సెప్టెంబరులో త్రవ్వకమునే విడిచిపెట్టినది.

ఇక ఖర్చు. ఒక కిలోవాటు యంత్రము రేయింబవళ్లు నడచిన దినమునకు 24 యూనిట్లు. రెండు నెలల బిల్లుకు 1,440. వాడుక పెరిగినకొలది యూనిటు ధరయు పెరుగును. చెన్నపట్టణపు వేసవిలో ఆ గదిని చల్లబరచుటకు మరల విద్యుత్తే కావలెను.

2022 ఏప్రిల్ 1 నుండి ఈ ఆదాయముపై పన్ను 30 శాతము. త్రవ్వకపు యంత్రముల వ్యయమును అందుండి తగ్గించుకొన వీలులేదని కేంద్రప్రభుత్వము ఆ సంవత్సరమే పార్లమెంటులో తెలిపినది. ఒక నాణెముపై వచ్చిన నష్టమును మరియొకదాని లాభముతో సరిపెట్టుకొనరాదు. ఖర్చు లెక్కకురాని వ్యాపారమును ఏ వర్తకుడు చేయును?

"ధర పెరిగిన లాభమే కదా" యని యువకులు వాదింతురు. ధర పెరుగుటయే ఆధారమైనచో, నాణెమునే కొని యుంచుకొన్నను ఆ లాభము వచ్చును. కరెంటు బిల్లు మిగులును. అదియు జూదమువంటిదే గాని, యంత్రము పెట్టినంత మాత్రమున జూదము పరిశ్రమ కానేరదు.

నిర్మింపవలదని నేననను. పాత కార్డు ఒకటి తెచ్చి, విద్యకైన ఖర్చుగా వ్రాసికొని నేర్చుకొనుడు. ఆ చేతిపని కంప్యూటర్ల కూర్పునకు, మరమ్మతునకు నిలుచును. అప్పుతెచ్చిన సొమ్ము, బంధువుల సొమ్ము, తల్లి నగలు మాత్రము ఈ గనిలో పోయకుడు. పెద్దలును కేకలువేయక, పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఈ పద్దు వ్రాయించవలెనని నా మనవి.