పసిబిడ్డ ఏడుపు, మెత్తని చేతులు: ఆస్టియోపతీపై నా అభిప్రాయం

వరుసకు నా తమ్ముని కూతురు లండన్‌లో ఉంటున్నది. ఆమెకు ఐదు వారాల మగబిడ్డ. సాయంత్రం ఆరు కాగానే ఏడుపు అందుకుంటాడు, తొమ్మిది దాటేదాకా ఆపడు. “పెదనాన్నా, పుట్టేటప్పుడు పుర్రె ఎముకలు బిగుసుకుపోయి ఉంటాయట, ఆస్టియోపతీ వాళ్ళు మెల్లగా తాకి సర్దుతారట. తీసుకువెళ్ళమంటావా?” అని మొన్న ఫోనులో అడిగింది. ఆమెకు చెప్పిన సమాధానాన్నే కాస్త విపులంగా ఇక్కడ రాస్తున్నాను. ఈ ప్రశ్న మరో రూపంలో మన ఇళ్ళల్లో కూడా ఉన్నదే.

ఆస్టియోపతీ సిద్ధాంతాన్ని 1874లో ఆండ్రూ టేలర్ స్టిల్ అనే అమెరికా వైద్యుడు ప్రతిపాదించారు. 1892లో మిస్సోరీ రాష్ట్రంలోని కిర్క్స్‌విల్‌లో పాఠశాల స్థాపించారు. అక్కడ చదివిన విలియం సదర్లాండ్ తరువాతి కాలంలో పుర్రె ఎముకలకు సూక్ష్మమైన కదలిక, లయ ఉంటాయని, వాటిని చేతి స్పర్శతో సరిచేయవచ్చని చెప్పారు. పసిబిడ్డలకు చేసే చికిత్సకు ఎక్కువగా ఈ భావనే పునాది. ఒక తేడా గుర్తుంచుకోవాలి. నేటి అమెరికాలో ఆస్టియోపతీ పట్టా పొందినవారు మందులు రాసే, శస్త్రచికిత్సలు చేసే పూర్తిస్థాయి వైద్యులు. బ్రిటన్‌లో మాత్రం అది 1993 నాటి చట్టం కింద నడిచే వేరొక వృత్తి. పేరు ఒకటే, చదువు వేరు.

ఆ చికిత్సలో జరిగేది చూస్తే భయపడవలసినది పెద్దగా కనిపించదు. బిడ్డను పడుకోబెట్టి, తల కిందా వీపు కిందా అరచేతులు ఉంచి, పూవును తాకినంత మెత్తగా ఒత్తుతారు. ఆ స్పర్శకు బిడ్డ తేరుకోవచ్చు, నిద్రపోవచ్చు కూడా. తాకడంపై నాకు అభ్యంతరం లేదు. దాని చుట్టూ అల్లిన వాగ్దానాలపైనే నా అభ్యంతరం.

నవజాత శిశువు పుర్రె ఎముకలు ఒకదానితో ఒకటి అతుక్కుని ఉండవు. ప్రసవమార్గంలో తల ఇమడడానికి ప్రకృతి చేసిన ఏర్పాటు అది. పుట్టినప్పుడు సాగినట్లు కనిపించే తల సాధారణంగా కొద్ది రోజులలోనే దానంతట అదే కుదురుకుంటుంది. ఇక ఆ లయ సంగతి. ఒకే వ్యక్తిని ఇద్దరు చికిత్సకులు విడివిడిగా పరీక్షించినప్పుడు వారి లెక్కలు కలవలేదని పరిశోధనలు చూపాయి. కొలతకు నిలవని దానిని సరిచేశామంటే ఎలా నమ్మడం?

“కానీ చాలామందికి తగ్గిందట” అన్నది మా అమ్మాయి. నిజమే, తగ్గుతుంది. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ రోజుకు మూడు గంటలకు మించి, వారానికి మూడు రోజులకు పైగా ఏడిస్తే దానిని కోలిక్ అని 1954లోనే నిర్వచించారు. ఆ ఏడుపు ఆరవ వారం ప్రాంతంలో పతాకస్థాయికి చేరి, మూడు నాలుగు నెలలకు చాలావరకు సద్దుమణుగుతుంది. తల్లిదండ్రులు విసిగి చికిత్సకుని వెతికేది సరిగ్గా ఆ పతాకస్థాయిలోనే. తరువాత ఏడుపు తగ్గితే ఘనత చికిత్సకు దక్కుతుంది. కాకి వాలింది, తాటిపండు రాలింది. ఈ చికిత్సలపై 2012లో కాక్రేన్ సంస్థ చేసిన సమీక్షలో 325 మంది శిశువులపై జరిగిన ఆరు అధ్యయనాలను పరిశీలించారు. మొత్తంమీద ఏడుపు తగ్గినట్లే కనిపించింది. కానీ బిడ్డకు చికిత్స జరిగిందో లేదో తల్లిదండ్రులకు తెలియకుండా చేసిన అధ్యయనాలను మాత్రమే లెక్కించినప్పుడు ఆ తేడా నమ్మదగినంతగా నిలవలేదు.

పరాయి దేశపు వైద్యాన్ని మాత్రమే తప్పు పట్టి ఊరుకోవడం న్యాయం కాదు. మన ఇళ్ళల్లో కాళ్ళు చాపుకొని, బిడ్డను వాటిపై వేసుకొని, నూనె రాసి, నలుగు పెట్టి నీళ్ళు పోసే పెద్దమ్మల చేతులలో అపారమైన ఆప్యాయత ఉంది. ఆ మర్దన మంచిదే. కానీ తల గుండ్రంగా రావాలని ఒత్తడం, ముక్కు నిలబడాలని లాగడం, ముక్కులోనూ చెవుల్లోనూ నూనె చుక్కలు వేయడం, వస కొమ్ము అరగదీసి నాకించడం, ఏడాది నిండకముందే తేనె పెట్టడం హానికరం. తేనెలో ఉండగల సూక్ష్మజీవి పసివారిలో పక్షవాతం వంటి జబ్బును కలిగించగలదు.

చేతిపనికి నిజమైన చోటు కూడా ఉంది. కొందరు బిడ్డలకు మెడ కండరం ఒకవైపు బిగుసుకుని, తల ఎప్పుడూ అటే వాలుతుంది. తల ఒకవైపు చదునవుతుంది. వైద్యుడు పరీక్షించిన మీదట, ఫిజియోథెరపిస్టు నేర్పిన వ్యాయామాలు తల్లి రోజూ చేయిస్తే చాలామందికి నయమవుతుంది. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టే నిద్రపుచ్చాలి. మెలకువగా ఉన్నప్పుడు, మీ కళ్ళెదుట, కాసేపు బోర్లా వేయాలి.

నన్ను కలవరపెట్టేది చికిత్స కాదు, దాని వలన జరిగే ఆలస్యం. ఉద్యోగంలో ఉండగా ఒక ఐదు వారాల బిడ్డను తీసుకువచ్చారు. పాలు తాగిన వెంటనే చిమ్ముకుంటూ కక్కుతున్నాడు. దిష్టి అన్నారు, అజీర్ణం అన్నారు, పది రోజులు పొట్ట మర్దన చేయించారు. వచ్చేటప్పటికి కళ్ళు లోతుకు పోయి, చర్మం ముడతలు పడి ఉంది. జీర్ణాశయం చివరి ద్వారం మూసుకుపోయే జబ్బు అది. చిన్న శస్త్రచికిత్సతో బిడ్డ బతికాడు. మరి రెండు రోజులు ఆగి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను.

కాబట్టి ఈ లక్షణాలు కనిపిస్తే ఎవరి చేతులకూ అప్పగించక నేరుగా ఆసుపత్రికి వెళ్ళండి: మూడు నెలలలోపు బిడ్డకు 100.4 డిగ్రీలు, ఆపైన జ్వరం, ఒళ్ళు చల్లబడడం, ఆకుపచ్చని వాంతి, చిమ్ముకుంటూ కక్కడం, పాలు తాగకపోవడం, మగతగా ఉండడం, నిమిషానికి అరవైకి మించిన శ్వాస, ఉబ్బిన మాడు, అరచేతులకూ అరికాళ్ళకూ పాకిన పసుపు రంగు.

ఇవేవీ లేక, బిడ్డ బరువు పెరుగుతూ, రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా మూత్రం పోస్తూ ఉంటే ఆ ఏడుపు గడిచిపోయేదే. అప్పుడు చికిత్స అవసరమైనది నిద్రలేని తల్లికి. ఇంట్లోవారు వంతులవారీగా బిడ్డను ఎత్తుకోండి. సహనం నశిస్తే బిడ్డను భద్రంగా పడుకోబెట్టి నాలుగు నిమిషాలు బయటికి వెళ్ళండి. ఎంత విసుగు వచ్చినా బిడ్డను కుదపకండి, మెదడులో రక్తస్రావం కాగలదు.

మా అమ్మాయికి చెప్పినదీ ఇంతే: “ముందు పిల్లల వైద్యునికి చూపించు. అంతా బాగుందంటే, ఆ మెత్తని స్పర్శ ఏదో నీ చేతులతోనే ఇవ్వు. దానికి రుసుము లేదు.” ఫ్రాన్స్‌లో 2007 నుండి ఆరు నెలలలోపు బిడ్డ తల, ముఖం, వెన్నుపై వైద్యుడు కాని ఆస్టియోపతీ చికిత్సకుడు చేయి వేయాలంటే, అభ్యంతరం లేదని వైద్యుని ధ్రువపత్రం ఉండాలన్న నిబంధన ఉంది. ముందు పరీక్ష, తరువాతే స్పర్శ. మన ఇళ్ళకూ ఆ వరుస తప్పకూడదు.