ఆకు ఆపితే పని తీసేసినట్టే

నిజామాబాద్ జిల్లా మోర్తాడ్ చుట్టుపక్కల ఊళ్లలో బీడీలు చుట్టే మనిషిని పనిలోంచి తీసేయడానికి కాగితం అక్కర్లేదు. ఆకు, తంబాకు ఇవ్వడం ఆపితే చాలు. కడుపుతో ఉన్న కార్మికురాలు నెలలు నిండేకొద్దీ తక్కువ చుడుతుంది. కార్ఖానా ఆకు ఆపేసి, తనే మానేసిందని లెక్క రాసుకోవచ్చు. ఇది పని తీసేయడమే. అలాగే పిలవాలి, అలాగే కొట్లాడాలి.

ఇంట్లో కూర్చొని చుట్టేవాళ్లకు హక్కులేమిటని చాలామంది అనుకుంటారు, చుట్టేవాళ్లతో సహా. 1966 బీడీ కార్మికుల చట్టం అలా అనుకోలేదు. 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టం ఇంటి కార్మికులకూ వర్తిస్తుందని 37వ సెక్షన్‌లో రాసింది. మెడికల్ బోనస్ వంటివే మినహాయించింది. ఆరు నెలలు పనిచేసినవారిని తగిన కారణం, నెల నోటీసు లేదా దాని బదులు కూలి లేకుండా తీసేయొద్దని 31వ సెక్షన్ చెప్పింది. పర్మనెంటు కాకుండా మస్టర్ రోల్ మీద రోజుకూలీకి పనిచేసే ఢిల్లీ మున్సిపల్ మహిళా కూలీలకూ ప్రసూతి హక్కు ఉందని 2000లో సుప్రీంకోర్టు తేల్చింది.

ప్రసూతి సెలవులో ఉండగా తొలగించడం చట్టవిరుద్ధం. గర్భంతో ఉండగా తీసేసినా, కాన్పుకు ముందు ఏడాదిలో 80 రోజులు పనిచేసి ఉంటే భత్యం ఎగ్గొట్టరాదు. 2025 నవంబర్ 21 నుంచి ఈ చట్టాలు లేబర్ కోడ్‌లలో కలిశాయి. ఇలాంటి తొలగింపుపై 60 రోజుల్లో అప్పీలు చేసుకునే హక్కు సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఉంది. ఇంటి దగ్గర చుట్టేవాళ్లకు 1966లో దక్కింది ఈ మార్పులో జారిపోనివ్వకూడదు. జారిపోదన్న మాట రాతలో ఇమ్మని సంఘాలు కార్మిక శాఖను నిలదీయాలి.

కార్ఖానా కాగితం ఇవ్వదు కాబట్టి ఆమే కాగితం పుట్టించాలి. ఫలానా రోజు నుంచి ఆకు ఇవ్వడం లేదు, నేను గర్భిణిని, పని ఇవ్వండి అని తేదీ వేసి కార్ఖానాకు రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో పంపాలి. నకలు నిజామాబాద్ కార్మిక శాఖ కార్యాలయానికి ఇచ్చి ముద్ర వేయించుకోవాలి. పీఎఫ్ చిట్టీ, బీడీలు అప్పజెప్పిన లెక్క బుక్కు, ఆస్పత్రి కార్డు జిరాక్స్ జతచేయాలి. పీఎఫ్ లేనివాళ్లకు ఆ బుక్కే పెద్ద సాక్ష్యం. దాన్ని ఆకు పంచే టేకేదారు చేతిలో వదిలేయొద్దు.

వకీలు ఫీజుకు భయపడక్కర్లేదు. 1987 న్యాయ సేవల చట్టం కింద ఆడవాళ్లకు, ఆదాయం ఎంతైనా, వకీలు ఉచితం. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లొచ్చు, 15100కు ఫోన్ చేయొచ్చు. భర్త గల్ఫ్‌లో ఉంటే, అతను వచ్చేదాకా ఆగితే అప్పీలు గడువు దాటిపోతుంది. అర్జీ మీద ఆమె సంతకం చాలు.