అవ్వ పాట తీగవెంట వచ్చింది

పిల్లలూ! చంద్రగిరి దగ్గరి ఒక పల్లెనుంచి ఆరో తరగతి చదివే అబ్బాయి ఒకడు నాకు ఉత్తరం వ్రాశాడు. అందులో సంగతి ఇది:

"మా అవ్వ శెనక్కాయలు వొలస్తా పాటలు పాడతా ఉండేది. మా మామ 1994లో ఒక క్యాసెట్టులో పట్టినాడు. అవ్వ పోయి నాలుగేండ్లయింది. ఆ పాటలు అమ్మకు సగం సగమే వచ్చు. క్యాసెట్టు ఒకటే ఉంది. ప్లేయరు ముందర ఫోను పెట్టి రికార్డు చేస్తే ఫ్యాను చప్పుడు, కోడి కూత, వీధిలో బస్సు హారను అన్నీ పడినాయి. అవ్వ మాత్రం బావిలోనుంచి పాడినట్టుంది. ఏం చేయాల?"

చూశారా, ఎంత మంచి ప్రశ్నో!

క్యాసెట్టు టేపు వెడల్పు నాలుగు మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున అది నడుస్తుంది. దానిమీద పూసిన పొడిలో అయస్కాంతపు గుర్తులుగా పాట ఉంటుంది. ప్లేయరులోని 'హెడ్' అనే చిన్న లోహపు ముక్క ఆ గుర్తులను విద్యుత్తుగా మారుస్తుంది. అంటే ప్లేయరులో పాట అప్పటికే విద్యుత్తుగా ఉన్నదన్నమాట. దాన్ని స్పీకరుగుండా గాలిలోకి వదిలి, గోడలకు కొట్టి, కోడి కూతతో కలిపి, మళ్ళీ ఫోను మైకుతో పట్టి విద్యుత్తుగా మార్చటం దేనికి? తిన్నగా తీగవెంట ఫోనులోకి పంపితే పోలేదా?

నేను అలాగే జవాబు వ్రాశాను. తొందరపడ్డాను. ఎందుకంటే తీగ అనగానే పని అయిపోదు.

మనవాడు ప్లేయరు ఇయర్‌ఫోను రంధ్రంనుంచి ఫోను రంధ్రానికి ఒక తీగ తగిలించాడు. అరగంట రికార్డు చేశాడు. తీరా వింటే అవ్వ పాట ఒక్క ముక్క లేదు. అరగంటసేపూ ఫ్యాను చప్పుడే!

కారణం తీగ కొసనున్న పిన్నులో ఉంది. మీ ఇంట్లో ఉంటే తీసి చూడండి. కొన్ని పిన్నులమీద రెండు నల్లగీతలు ఉంటాయి, కొన్నిటిమీద మూడు. రెండు గీతలుంటే మూడు లోహపు భాగాలు: ఎడమ చెవికి ఒకటి, కుడి చెవికి ఒకటి, రెంటికీ ఉమ్మడిగా ఒకటి. ఇవన్నీ ఫోనునుంచి పాట బయటికి వచ్చే దారులే. లోపలికి పోయే దారి లేదు. మూడు గీతలుంటే నాలుగో భాగం ఉంటుంది. అది మైకుది. రెండు గీతల పిన్ను పెట్టేసరికి "వీడెవడో పాట వినబోతున్నాడు" అనుకొని, ఫోను తన సొంత మైకుతోనే రికార్డు చేసింది.

సరే, నాలుగు భాగాల పిన్ను తెప్పించుకున్నాడు. ఈసారి ఫోను మరో వింత చేసింది. రికార్డింగు మొదలుపెట్టగానే తనంతట తాను ఆగిపోయింది! ఫోను ఆ నాలుగో భాగానికి కొద్దిపాటి విద్యుత్తు పంపి, అవతల ఏమున్నదో తడిమి చూస్తుంది. నిరోధం వెయ్యి ఓములో అంతకు మించో ఉంటే అది మైకు అనుకుంటుంది. నిరోధం దాదాపు సున్నా అయితే, ఎవరో తీగమీది బొత్తాం నొక్కారనుకుంటుంది. ఆ బొత్తాం చేసే పని కూడా అంతే, రెండు తీగలను కలపటమే. ప్లేయరు రంధ్రం చాలా తక్కువ నిరోధం చూపింది కాబట్టి ఫోను మోసపోయింది.

ఇంకో చిక్కు కూడా ఉంది. మైకునుంచి వచ్చే విద్యుత్తు చాలా స్వల్పం. వోల్టులో వందోవంతు అనుకోండి. ప్లేయర్లు, కీబోర్డులు ఇచ్చే 'లైన్' సంకేతం వోల్టులో మూడోవంతు దాకా ఉంటుంది. ముప్పయి రెట్లు! చెంబులో బిందెడు నీళ్ళు పోస్తే ఏమవుతుంది? పొర్లిపోతుంది. ధ్వని పొర్లదు, తెగుతుంది. పొట్టి గుమ్మంలోనుంచి పొడుగువాళ్ళు వంగకుండా పోతే తల బొప్పి కడుతుంది కదా! అలాగే స్వరం ఎత్తుకున్నచోటల్లా ధ్వని తరంగాల కొసలు చదును అవుతాయి. పాట గరగరలాడుతుంది. అలా తెగిన కొసలు మళ్ళీ అతకవు.

దీనికి మందు సులువే. తీగ మధ్యలో రెండు నిరోధకాలు, ఒక చిన్న కెపాసిటరు పెట్టాలి. నిరోధకాలు సంకేతాన్ని మైకు అంతకు తగ్గిస్తాయి. ఫోనుకు అది మైకులాగే కనిపిస్తుంది. కెపాసిటరు పాటను పోనిస్తుంది, ఫోను పంపే విద్యుత్తును మాత్రం ప్లేయరులోకి పోనీయదు. ఇది రేడియో పని తెలిసిన పెద్దలు చేయవలసిన పని. ఈ కాలపు ఫోనులు చాలావాటికి ఆ గుండ్రని రంధ్రమే లేదు. వాటికి యు.ఎస్.బి. రంధ్రంలో తగిలించే చిన్న పెట్టెలు దొరుకుతాయి. కొనేటప్పుడు 'లైన్ ఇన్' అని ఉన్నదా అని అడగండి. ఒట్టి మైకు రంధ్రమే ఉంటే మళ్ళీ చెంబూ బిందే గొడవే. మీ కీబోర్డును ఫోనులో రికార్డు చేయాలన్నా ఇదే దారి. పాలకొల్లు శ్రీనివాస్ (1969–2014) వాయించిన ఎలక్ట్రిక్ మాండలిన్ వంటి వాద్యాలకు మాత్రం 'ఇన్‌స్ట్రుమెంట్' అని వ్రాసిన రంధ్రం వేరే ఉండాలి.

ఇంతకూ నేను మొదట చెప్పవలసిన మాట మరిచాను. అది అన్నిటికన్నా ముఖ్యం. ప్లేయరుమీద ఎర్రటి రికార్డు బొత్తాం ఉంటుంది. పొరపాటున అది నొక్కామా, అవ్వ పాట తుడిచిపెట్టుకుపోతుంది. క్యాసెట్టు వెనుక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ పలకలు ఉంటాయి. వాటిని విరిచేస్తే ఆ బొత్తాం దిగదు. ముందు ఆ పని! తరువాత, పరీక్షలన్నీ వేరే పాత క్యాసెట్టుతో చేయాలి. అవ్వ టేపు మీద ప్రయోగాలు చేయరాదు. ఫోను చార్జరు తీసేయాలి. లేకపోతే మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగే ఊపు 'హుమ్'మని పాటలో చేరవచ్చు. మాటలకోసం చేసిన కొన్ని రికార్డింగు యాప్‌లు మెల్లని చోట ధ్వనిని పెంచి, గట్టి చోట తగ్గిస్తాయి. పాటకు అది పనికిరాదు. ఫోను సంకేతాన్ని సెకనుకు 44,100 సార్లో 48,000 సార్లో కొలిచి అంకెలుగా వ్రాసుకుంటుంది. ఏమీ కుదించకుండా దాస్తే నిమిషానికి అయిదు మెగాబైట్ల పైచిలుకు. అరగంట పాటకు నూట అరవై అనుకోండి. అవ్వకు ఆ మాత్రం చోటు ఇవ్వలేమా?

ఆ అబ్బాయి ఊరికి దగ్గరలోనే, తిరుమలలో, తాళ్ళపాక అన్నమాచార్యుల (1408–1503) కీర్తనలు రాగిరేకులమీద చెక్కి దాచారు. మాటలున్నాయి, పైన రాగం పేరున్నది, స్వరాలు మాత్రం లేవు. ఆయన ఎలా పాడారో ఆ రేకులు చెప్పవు. అందుకే తిరుపతిలో పనిచేసిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు (1893–1979) అనేక కీర్తనలకు కొత్తగా స్వరాలు కట్టవలసి వచ్చింది. ఇప్పుడు తిరుమల తిరుపతి దేవస్థానంవారి శ్రీ వేంకటేశ్వర రికార్డింగ్ ప్రాజెక్టు ఆ కీర్తనలను గొంతుతో సహా భద్రపరుస్తున్నది. అవ్వ పాటలకు రాగిరేకు కూడా లేదు.

ఈ నెల రెండో ఉత్తరం వచ్చింది. వాళ్ళ మామే తీగ కట్టి ఇచ్చాడట. మొదటిసారి మరీ మెల్లగా పడింది, రెండోసారి కుదిరింది. అమ్మ కూర్చుని విన్నది. తనకు రాని సగం దొరికింది. మూడో పాట నడుమ ఎవరికీ గుర్తులేని ముక్క ఒకటి ఉందట. పాట ఆపి అవ్వ అంటున్నది: "ఒరే, ఆ మిషిను ఆపి పొయ్యి చూడరా, శెనక్కాయలు మాడిపోతాయి!"