డబ్బా కొనే ముందు భూమిలో ఉన్నవాటికి మేత వెయ్యండి



వరి కోతలు అయిపోయినయి. కొయ్యకాలు కాలబెట్టుడా, దున్నుడా అని అందరం ఆలోచిస్తున్నం. కొన్ని దుకాణాలల్ల "ఈ సూక్ష్మజీవుల డబ్బా చల్లు, గడ్డి జల్ది మురుగుతది" అంటున్నరు. కొనే ముందు సముద్రం ఒడ్డున జరిగిన ఒక సంగతి చదవండి. నల్లగొండ, పాలమూరుకు సముద్రం లేకున్నా అందులో మనకు పనికొచ్చే ముచ్చట ఉంది.

1989 మార్చి 24న అమెరికాలోని అలాస్కా దగ్గర ఎక్సాన్ వాల్డెజ్ అనే ఓడ సముద్రంలోని రాతిదిబ్బకు గుద్దుకుంది. దాదాపు 4 కోట్ల లీటర్ల ముడి చమురు నీళ్లల్ల కలిసి ఒడ్డంతా నల్లబడ్డది. వేడినీళ్లతో కడిగినరు. తర్వాత ఏం చల్లినరో తెలుసా? ఎరువు! నత్రజని, భాస్వరం ఉన్న ఎరువు.

చమురు తినే సూక్ష్మజీవులు ఆ ఒడ్డున ముందే ఉన్నయి. చమురులో కర్బనం దండిగ ఉంటది గానీ, వాటికి కావలసిన నత్రజని, భాస్వరం దొరకయి. ఎరువు పడ్డంక కొన్ని చోట్ల చమురు కరిగే వేగం రెండింతలకు పైగా పెరిగింది. బయట నుంచి తెచ్చిన సూక్ష్మజీవుల మందులు కూడా అక్కడ పరీక్షించి చూసినరు. వాటితో అదనంగా లాభం కనపడలేదు.

మన గడ్డి సంగతీ అంతే. గడ్డిలో కర్బనం ఎక్కువ, నత్రజని తక్కువ. దున్నినంక దాన్ని తినే జీవులు భూమిలో ఉన్న నత్రజనిని గుంజుకుంటయి. గడ్డి మురగకముందే నాటేస్తే వరి పచ్చబడేది అందుకే. మనం రోగం అనుకొని మందు కొడతం.

అందుకే నేననేది, డబ్బా పైసలు మేతకు పెట్టండి. ఎకరాకు ఒక బస్తా సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చల్లి, తడిపెట్టి, కొయ్యకాలు కలియదున్నండి. నాటుకు రెండు మూడు వారాల ముందే చెయ్యండి. చెల్క భూములకైతే పశువుల పెంట తప్పనిసరి.

అట్లని యూరియా బస్తాలు గుమ్మరించమంటలేను. అలాస్కాలో రాళ్ల కింద, గాలి సరిగ్గ అందని చోట చమురు ఏండ్ల తరబడి అట్లనే ఉండిపోయింది. మేతతోపాటు గాలి, తేమ ఉండాలె. కంది, పెసరకు విత్తనానికి పట్టించే రైజోబియం సంగతి వేరు, ఆ పంట ఎన్నడూ వెయ్యని భూమిలో అది పనికొస్తది.

కాలబెడితే మాత్రం గడ్డిలోని నత్రజని పొగల పోతది, భూమి మీది జీవులు కూడా చస్తయి. ఉన్న కూలోళ్లను చంపుకొని డబ్బాల కొత్తోళ్లను కొనుడు ఏం లెక్క? ఒక్క మడిలోనన్నా ఈసారి చేసి చూడండి. ఎట్లున్నదో కింద రాయండి.